ద్రాక్షతోలు రంగు, డాక్టరమ్మ మాట

నా పేరు వెంకటమ్మ. డెబ్బై దాటి చాలా ఏళ్ళయింది. తమిళనాడులో కంబం దగ్గర ద్రాక్షతోట మాది. ఇంట్లో నేను, కొడుకు, కోడలు. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే ఎదురింటి సుబ్బలక్ష్మి రాస్తోంది. మళ్ళీ చదివించుకుని గాని వేలిముద్ర వెయ్యను.

మా కోడలి పేగులకు వైద్యం చేసిన మధురై డాక్టరమ్మ పోయింది. కబురొచ్చినప్పుడు పందిరి కింద గుత్తులు కోస్తున్నాను. కత్తెర చేతిలోనే ఉండిపోయింది. ఆ సాయంత్రమే కోడలు అంది: "ఇంకెవరిని అడిగేది అత్తా? నాకు బాగైపోయిండాది. ఇంక మాత్రలు మానేస్తా. ద్రాక్షతోలే మందని ఆయమ్మే చెప్పిండాది కదా!"

అందుకే ఈ సాక్ష్యం. ఆమె చెప్పని మాట ఆమె నోట పెడితే, నేను బతికుండగా ఒప్పుకోను.

కోడలికి పేగుల్లో వాపు, పుండు. నెత్తురు పడేది. చిక్కి సగమైన మనిషిని బస్సులో మధురైకి తీసుకుపోయాను. డాక్టరమ్మది కూడా మా ఇంటి భాషే, తెలుగు. కడుపు ముట్టుకునే ముందు రెండు అరచేతులూ రుద్ది వెచ్చబెట్టుకునేది. "చల్లటి చెయ్యి తగిలితే కడుపు బెదురుతాది" అనేది. గొట్టం వేసి చూసిన పరీక్ష అయ్యాక నన్ను పిలిచి తెరమీద చూపింది. ఎర్రగా, కాలిన చోటులా ఉంది. మనిషి లోపల అంత పొడుగు దారి ఉంటుందని అప్పటిదాకా నేనెరగను. చేతులెత్తి దండం పెట్టాను.

"నాకెందుకు పాటీ దండం? దాన్ని చేసినోడికి పెట్టు" అని నవ్వింది. అవ్వను మా దిక్కున పాటీ అంటారు.

మందులతో వాపు తగ్గుముఖం పట్టాక మా తోటలో కాసే నల్లరకం, పన్నీరు ద్రాక్ష, బుట్టెడు పట్టుకుపోయాను. మా వాళ్ళు పండును పెదవులకు ఆనించి నొక్కి, గుజ్జు మింగి, తోలు పారేస్తారు. నేనూ అంతే చేశాను. ఆమె చూసింది.

"తోట మీది, రంగంతా కాలవలో పారేస్తారా?" అంది. ఒక తోలు తీసి కిటికీ వెలుతురుకు పట్టుకుంది. తెల్లకోటు మీద ఊదా నీడ పడింది. "ఈ తోల్లో, చిన్న ఉల్లిగడ్డలో, ఆకుకూరలో, టీలో ఒక సత్తువ ఉండాది పాటీ." దానికొక పేరు చెప్పింది. నా నోట పలకదు, సుబ్బలక్ష్మి ఫ్లేవనాయిడ్లు అని రాసింది. "అది చాలామటుకు కరగకుండానే పెద్దపేగుకు దిగుతాది. అక్కడ కంటికి కనపడని ప్రాణులు కోట్లు కాపురముండాయి. అవి దాన్ని విరిచి వేరేదిగా మారుస్తాయి. అది వాపును కొంచం అణుస్తాదేమో. ఎలుకల్లో చూసిండారు. మనుషుల్లో ఇంకా గట్టిగా తేలలేదు."

ఎరువేసి, నీళ్ళు కట్టి, ఇన్నేళ్ళు నేను పండించిన పండును నా కడుపులో కూర్చుని ఇంకెవరో మళ్ళీ పండించుకుంటున్నారా!

కోడలు తోలు ఒక్కటే చెవిన పెట్టుకుంది. ఇంటికొచ్చి మాత్రలు ఆపేసింది. గిన్నెడు తోళ్ళు మిరపకాయలతో పచ్చడి నూరి తింది. నెత్తురు మళ్ళీ మొదలైంది.

డాక్టరమ్మకు కోపం రావడం ఆ ఒక్కసారే చూశాను. "వాపున్నప్పుడు తోలూ వద్దు, గింజా వద్దు. తగ్గినాక బాగా కడిగి, కొంచం కొంచం. మాత్ర ఇంటి మనిషి, రంగు చుట్టం. చుట్టం వచ్చిందని ఇంటి మనిషిని తరిమేస్తావామ్మా?" నా వైపు తిరిగింది. "పాటీ, నేను 'ఏమో' అన్నాను. తోలు పారేసినట్టు దాన్ని దారిలో పారేసి ఊరంతా చెప్పొద్దు."

కొన్ని నెలలకు మళ్ళీ తెరమీద చూపింది. అదే దారి. పసిబిడ్డ చిగుళ్ళలా గులాబీ రంగులో మెరుస్తోంది. ద్రాక్షేనా అని అడిగాను. "మాత్రలు చేసిండాయి. ద్రాక్ష తోడొచ్చిందేమో" అంది. అంత చదివిన మనిషి, ఆ తెర ముందు నాలాగే కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడింది. ఆమెకు నేను రెండోసారి దండం పెట్టింది అప్పుడే. ఈసారి కాదనలేదు.

ఇదంతా కోడలిని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను. "ఆయమ్మ లేకపోతే ఆ కుర్చీలో ఇంకో డాక్టరు ఉంటాడు. పోయి అడుగుదాం. అంతదాకా మింగు."

"ఆయమ్మ పోయినాక కూడా మీరిద్దరూ ఒకే పార్టీ!" అని గొణిగింది. నీళ్ళచెంబు మాత్రం అందుకుంది.

సుబ్బలక్ష్మి ఇంకు కోసం లేచింది. వద్దన్నాను. పొద్దుటినుంచీ పండ్లు వలుస్తున్న బొటనవేలు ఊదాగానే ఉంది. కాయితం మీద నొక్కాను. ఆరాక కిటికీ వెలుతురుకు పట్టుకుని చూడండి.

ఇది వెంకటమ్మ వేలిముద్ర.

సాక్షులు: ఎదురింటి సుబ్బలక్ష్మి, ఇది రాసిన మనిషి.
కోడలు నాగరత్నం, మాత్ర మింగాక తమిళంలో సంతకం పెట్టింది.