అనంతగిరి ఘాటులో తెగిన బోల్టులు

చైత్రం మొదటి వారంలో అరకు నుంచి తపాలా మనిషి చేత ఒక చీటీ వచ్చింది. అక్కడ బడి నడుపుతున్న మా మేనత్త కొడుకు అప్పలస్వామి రాశాడు. "చలిజ్వరం మూడోసారి తిరగబెట్టింది. క్వినైను నిండుకుంది. బేగి పంపు." ముత్యాల్లాంటి వాడి అక్షరాలు వంకరలు పోయి ఉన్నాయి. కొండపిల్లలకు చదువు చెప్పడానికి వెళ్లినవాడికి పిడికెడు మాత్రలు పంపలేని దొరతనాన్ని తిట్టుకుంటూ విజయనగరంలో మందు కొని, మర్నాడు తెల్లవారుతుండగా బయలుదేరాను.

నాది యుద్ధంలో తిరిగి వచ్చిన పాత మోటారు సైకిలు. దీనికి గొలుసు ఉండదు. ఇంజను బలాన్ని వెనుక చక్రానికి చేర్చేది షాఫ్టు అనే ఇనుప కడ్డీ. దాని చివర ఉన్న బిళ్లను చక్రం వైపు బిళ్లతో నాలుగు బోల్టులు పట్టి ఉంచుతాయి. అవి ఊడితే కడ్డీ జారి చక్రం పట్టేస్తుంది. చదునునేల మీదైతే మోకాళ్లు చెక్కుకుపోతాయి, ఘాటులోనైతే లోయలోకే. అందుకని ఒక రేకు డబ్బాలో అదనపు బోల్టులు మూడు వేసుకున్నాను.

శృంగవరపుకోట దాకా గంటన్నర పట్టింది. అక్కడ ఉప్మా, కాఫీ రెండణాలు. పెట్రోలు కూడా అక్కడే పోయించుకోవాలి, పైన దొరకదు. కాశీపట్నం దాటి మలుపులు మొదలయ్యేసరికి కాళ్ల వెనుక టకటకమని శబ్దం. దిగి చూస్తే ఒక బోల్టు లేదు, మిగతా మూడూ వేళ్లతోనే తిరుగుతున్నాయి. కొత్తది వేసి, స్పానరు మీద కాలు పెట్టి తొక్కి మరీ బిగించాను. చింతపండు బస్తాలతో దిగుతున్న బండివాడు ఎడ్లను ఆపి చూశాడు.

"ఏటి బాబూ, దాని మీద అంత కోపమేటి నీకు?"

"కోపం కాదు. ఊడకుండా బిగిస్తున్నాను."

"నా ఎద్దుని అలాగ కట్టేత్తే పలుపు తెంపుకుంటాది."

"ఇది ఎద్దు కాదు, యంత్రం" అన్నాను. ఇంజనీరింగు కరపత్రం ఒకటి చదివినవాణ్ణి కదా!

అనంతగిరి చేరేసరికి పది దాటింది. మరో మూడు మైళ్లు ఎక్కాక, దిగుడు మొదలయ్యే మలుపులో దారికి అడ్డంగా వెదురు గడ కనబడింది. పదిమంది ఆడవాళ్లు దాన్ని పట్టుకుని నవ్వుతున్నారు. ఒక్కసారిగా బ్రేకు తొక్కి ఆగాను.

"పజోరు ఇచ్చి ఎల్లు బాబూ!" అంది ముందున్నామె. అందరూ ఆమెను సుక్రి అంటున్నారు.

అది ఇటికల పండుగ. మగవాళ్లు వేటకు పోయిన రోజుల్లో ఆడవాళ్లు దారి కాసి, వచ్చేపోయేవాళ్ల దగ్గర తీసుకునే కానుకే పజోరు. నాకు ఇవన్నీ తరవాత తెలిశాయి. అప్పుడు మాత్రం ఒళ్లు మండి, "పన్నులు గుంజే ముఠాదారు మిమ్మల్ని దోచుకుంటే మీరు దారినపోయేవాళ్లను దోచుకుంటారా? ఇది దొంగతనం!" అని అరిచాను.

"బండి అరిసింది సాలక నువ్వూ అరుత్తన్నావేటి?" అంది సుక్రి. అందరూ పకపకా నవ్వారు.

కోపంగా కిందికి దిగి, వెనుక చక్రం వైపు చూసి కొయ్యబారిపోయాను. రెండు బోల్టులు తెగిపోయాయి. ఆ గడ లేకపోతే దిగుడులో ఏమయ్యేదో! డబ్బాలోవి రెండూ తీసి, ఒకటి పెట్టి మళ్లీ బలంకొద్దీ తిప్పాను. టప్పున తల తెగి దూరాన పడింది. ఇక మిగిలింది ఒక్కటే. అరకు ఇంకా పద్నాలుగు మైళ్లు.

"మా వాడు చచ్చిపోతాడు" అన్నాను, నాకు తెలియకుండానే. "అరకు మేస్టరు. ఈ పొట్లంలో మందు అతనికే."

నవ్వులు ఆగిపోయాయి. "ముందే సెప్పొద్దా!" అని కసిరింది సుక్రి. "ఆ పొట్లం ఇలాగియ్యి. అడ్డదారిన దిగితే నీ రోడ్డులో సగమే."

ఇప్పుడే దొంగ అన్న మనిషి చేతికి అప్పలస్వామి ప్రాణం ఇవ్వడమా? పొట్లం గుండెకు అదుముకుని నిలబడ్డాను.

"నమ్మకపోతే నీ బండి కాడే కూకో. మా గుంటడు ఆ మేస్టరు కాడే సదూతున్నాడు."

ఇచ్చేశాను. ఎన్ని మాత్రలు, ఎన్నిసార్లు అన్నది రెండుసార్లు చెప్పించుకుని ఆమె పొదల్లోకి దిగిపోయింది.

వేటకు పోలేని ముసలాయన ఒకాయన పక్కనే డప్పుకు తోలుతాళ్లు బిగిస్తున్నాడు. నన్ను చూసి, "ఇలాగ్రా నాయనా" అన్నాడు. ఒక తాడు కొద్దిగా లాగి, దానికి ఎదురు తాడు కొద్దిగా లాగి, మళ్లీ మొదటికి వచ్చాడు. "ఒక పక్కే లాగితే తోలు సిరుగుద్ది. అన్నిటికీ పంచాల."

మూడు బోల్టులనూ అలాగే ఒకదాని తరవాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాను. నట్టుల కింద వేయమని ఆయన తడి తోలు ముక్కలు కోసి ఇచ్చాడు. ఒంటిగంటకు కదిలాను. రెండు మైళ్లకొకసారి ఆగి తడిమి చూసుకున్నాను. సుక్రి కాలు జారిందేమో, మోతాదు తప్పు చెప్పానేమో అని దారంతా ఒకటే బెంగ.

నాలుగున్నరకు బడి ముందు దిగాను. అప్పలస్వామి గొంగడి కప్పుకుని మంచం మీద ఉన్నాడు, నుదుటి మీద చెమట.

"ఒరే బావా, రెండు గంటలకే ఒక మోతాదు మింగించింది ఆ సుక్రి అప్ప. మేస్టరువైతే నాకేటి, నోరు తెరు అంది. మింగేదాకా కదల్లేదు. నువ్వెందుకు వచ్చినట్టు?"

సుక్రి అప్పటికే కొండెక్కి వెళ్లిపోయింది. ఆమెకు క్షమాపణ చెప్పడానికి నాకు దారి దొరకలేదు. కొండవాళ్ల హక్కుల మీద నేను పంచిన కరపత్రాలు ఎన్నో, కాని ఆ మలుపులో ఒక కొండమనిషిని నమ్మడానికి నాకు అంతసేపు పట్టింది. పొట్లం ఇవ్వకుండా మొండికేసి ఉంటే రెండున్నర గంటలు ఆలస్యం. ఆ రెండున్నర గంటల్లో ఏమయ్యేదని ఇప్పటికీ అప్పలస్వామిని అడగలేకపోతున్నాను. ఇలాంటి బండి మీద ఈ ఘాటు ఎక్కేవారికి ఒక్క మాట: షాఫ్టు బోల్టులను ఏ ఒక్కదాన్నీ ఒకేసారి పూర్తిగా బిగించకండి. ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, పది మైళ్లు పోయి బండి చల్లారాక మళ్లీ చూసుకోండి.