టైటిల్స్ అయ్యేదాకా లేవని మనిషి

ఆ వార్డులో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆయన గ్రహాంతరం. ఉద్యోగం డయాలసిస్ టెక్నీషియన్‌గా, కాపురం మాత్రం వేరే గెలాక్సీలో అంటుంది హెడ్ సిస్టరు. అందులో వెటకారం ఉంది గానీ అబద్ధం లేదు. నలభై ఎనిమిదేళ్లు, బట్టతల, ఇంటినిండా అంతరిక్షనౌకల బొమ్మలు. భార్య దుమ్ము దులపబోతే "ఆగు, రెక్కలు విరుగుతాయి" అని అడ్డంపడతాడు. నవ్వితే నవ్వండి. కానీ సూది గుచ్చడంలో ఆయన చెయ్యి చెయ్యే. ఆయన సెలవు పెట్టిన రోజు పేషెంట్లు మొహాలు వేలాడేసుకునేవారు.

కిడ్నీలు చేతులెత్తేసినవాళ్ల రక్తాన్ని బయటికి తీసి, శుభ్రం చేసి, మళ్లీ ఒంట్లోకి పంపే పని అది. సోమ, బుధ, శుక్రవారాలు, పూటకి నాలుగు గంటలు. చేతిలో రెండు లావుపాటి సూదులు, పక్కన గిర్రున తిరిగే పంపు, ఎదురుగా గోడగడియారం. ఆ చెయ్యి కదపడానికి లేదు. అలా నాలుగు గంటలు పడుకుని చూస్తే తెలుస్తుంది, గడియారం ముల్లు ఎంత బద్ధకిష్టిదో!

అందుకే పన్నెండేళ్ల కిందట గ్రహాంతరం ఒక పని మొదలుపెట్టాడు. శని, ఆదివారాల్లో సైన్స్ ఫిక్షన్ అన్నది ఏదొచ్చినా, సినిమా గానీ సీరీస్ గానీ బొమ్మల పుస్తకం గానీ వీడియో గేమ్ గానీ, చూసి, చదివి, ఆడి, సోమవారం పొద్దున్నే ఆ సంగతులన్నీ మూటగట్టుకొచ్చి మంచాల మధ్య తిరుగుతూ విప్పేవాడు. దానికి వార్డు పెట్టిన పేరు సోమవారం మూట.

"ఈ వారం చంద్రుడు మళ్లీ పగిలాడండీ. ఈ ఏడాదిలో ఇది మూడోసారి. ముక్కలన్నీ ఏరికోరి ఒక్క ఊరిమీదే పడతాయి, అదేం పగో! తొమ్మిదిసార్లు. మరమనిషి వంటవాడిగా చేరే సీరీస్ ఒకటి వచ్చింది. మొదటి రెండు భాగాలూ నసే, మూడోదాంట్లో కూర్చోండి. నాలుగుసార్లు. ఇక ఫ్రిజ్‌లోంచి నిన్నటి రోజులోకి వెళ్లే సినిమా ఉంది చూశారూ, నవ్వలేక చచ్చాను. ఒక్కసారే, అదీ బస్సు వేళ అయిందని."

ఈ సార్ల లెక్క ఏమిటంటే, ఆయన దేనికీ నక్షత్రాలు, మార్కులు వెయ్యడు. చూస్తున్నంతసేపూ ఎన్నిసార్లు గడియారం చూసుకున్నాడో అదే చెబుతాడు. ఆ కొలత పేషెంట్లు నేర్పిందే. వాళ్లకంటే గడియారం విలువ తెలిసినవాళ్లెవరు?

ఆయనకి రెండు పట్టింపులు. టైటిల్స్ ఆఖరి అక్షరం దాకా కుర్చీలోంచి లేవడు. "తీగలు మోసినవాడి పేరుకూడా చదవకుండా లేచొస్తే, పీకలదాకా తినేసి వండినవాళ్ల మొహం చూడకుండా పోయినట్టే" అనేవాడు. రెండోది, వారంలో పెద్ద సినిమా కథని మూడు ముక్కలు చేసేవాడు. సోమవారం మొదలు, బుధవారం నడుమ, శుక్రవారం ముగింపు. పీక మీద కత్తి పెట్టినా ముందు చెప్పడు. ఎందుకని సిస్టరు అడిగితే "కథకి మర్యాద ఉండాలి కదండీ" అన్నాడు. ఆవిడ హాజరు పుస్తకం తిరగేసి చూసింది. మూట మొదలయ్యాక ఆ బ్యాచ్‌లో డుమ్మాలు దాదాపు లేవు. ఆ సంగతి ఆయనకి తెలుసో లేదో ఆవిడకి ఇప్పటికీ అంతుపట్టలేదు.

మూడో నంబరు మంచం టైలరమ్మది. అరవై రెండేళ్ల మనిషి, ముప్ఫై అయిదేళ్లు బడిపిల్లల యూనిఫారాలు కుట్టింది. మొదట్లో ఈ రాకెట్ల గోల వినలేక చెవులమీద దుప్పటి లాక్కునేది. ఆమెని దారికి తెచ్చింది ఒక సోమవారం నాటి కథ. శనిగ్రహం అవతల ఒక ఒంటరి స్టేషను, అందులో ఒక పిల్ల, ఆ పిల్ల పని చిరిగిన స్పేస్‌సూట్లు కుట్టడం.

దుప్పటి దిగింది.

"సూది దిగితే బెజ్జం పడుతుంది కదా. గాలి పోదూ?" అంది టైలరమ్మ.

"పైన జిగురు పట్టీ వేస్తుందండీ."

"జిగురెంతసేపు ఆగుతుంది? బుద్ధున్న టైలరెవరైనా లోపల రెండో కుట్టు వేస్తుంది. పైది పోయినా లోపలిది పట్టుకుంటుంది. ఆ సినిమా తీసినవాళ్లు ఒక్క గుండీ అయినా కుట్టారా ఎప్పుడైనా?"

వార్డంతా నవ్వింది. గ్రహాంతరం మొహం వెలిగిపోయింది. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! నాలుగో మంచం మీద బస్సు డ్రైవరు బాబాయ్ ఊరుకోడే.

"ఏముందోయ్, చివరికి ఆ పిల్ల క్షేమంగా ఇంటికొస్తుంది. మీ సినిమాలన్నీ ఒక్కటే రూటు, కళ్లు మూసుకుని నడపొచ్చు" అన్నాడు.

గ్రహాంతరానికి ఒళ్లు మండింది. అసలు ఆ రోజు ఆయన మనసు మనసులో లేదు. ముందురోజు ఈ సినిమా చూస్తుండగానే, వార్డుకి నీళ్లు శుద్ధిచేసే ప్లాంటు ఆగిపోయిందని ఫోనొచ్చింది. టైటిల్స్ మొదలవుతుండగానే లేచి పరిగెత్తాల్సి వచ్చింది. పన్నెండేళ్లలో అదే మొదటిసారి. ఆ చిరాకంతా ఇప్పుడు నోట్లోంచి తన్నుకొచ్చింది.

"రాదండీ! కుట్టు విడిపోతుంది, ఆ పిల్ల చీకట్లోకి కొట్టుకుపోతుంది, సినిమా అయిపోతుంది! చాలా?"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. టైలరమ్మ ఆ తర్వాత మిగిలిన సమయమంతా గోడ గడియారమే చూసింది. సూదులు తీసి దూది అదిమేటప్పుడు మాత్రం, "ఎంత కుట్టినా చివరికి పోవడమేగా నాయనా. దానికింత బాధెందుకు?" అంది.

బుధవారం మూడో నంబరు మంచం ఖాళీ. శుక్రవారమూ ఖాళీయే. డాక్టరు ఫోన్ చేశాడు, కొడుకు బతిమాలాడు, కోడలు ఏడ్చింది. "వద్దు. ఇక చాలు" అని ఒక్కటే మాట. డయాలసిస్ మానేస్తే ఒంట్లో నీరు చేరుతుంది, ఊపిరాడదు, ఏదో ఒక గంటలో గుండె ఆగుతుంది. అది గ్రహాంతరానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. శుక్రవారం మిగతావాళ్లు వేరే కథ అడిగితే బీపీలు చూసుకుంటూ తప్పించుకు తిరిగాడు. నా నోరే ఆమెని మింగేసింది అనుకున్నాడు. 

ఒకే ఒక్క ఆశ మిగిలింది. తను టైటిల్స్ చూడలేదు. ఈ మధ్య సినిమాల్లో టైటిల్స్ అయ్యాక ఇంకో చిన్న ముక్క పెడుతున్నారు. ఏమో, ఆ పిల్ల దొరికిందేమో!

శనివారం పొద్దుటి ఆటకెళ్లాడు. కుట్టు విడిపోయింది, పిల్ల చీకట్లో కలిసింది, పేర్లు పైకి పాకాయి. నటుల పేర్లు, కెమెరా పేర్లు, తీగలు మోసినవాళ్ల పేర్లు. ఆయన ముందుకు వంగి, కుర్చీ చేతులు పట్టుకుని ప్రతి అక్షరమూ చదివాడు. ఆఖరి పేరు పోయింది. తెర నల్లబడింది. లైట్లు వెలిగాయి. చీపురుతో వచ్చిన ఆవిడ "అయిపోయింది సార్, లేవండి" అంది.

ఏమీ లేదు.

అక్కడినుంచి నేరుగా టైలరమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె కుట్టుమిషన్ పక్కన కుర్చీలో ఒరిగి ఉంది. కాళ్లు పొంగిపోయి చెప్పులు పట్టడంలేదు. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకుంటోంది. తలుపు దగ్గర కోడలు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"టైలరమ్మా, తప్పు చేశాను. ఆ సినిమా ముగింపు అది కాదు. టైటిల్స్ అయ్యాక ఇంకో ముక్క ఉంది. మొన్న మధ్యలో లేచొచ్చేశాను, ఇవాళ మళ్లీ చూశాను."

ఆమె ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వు... టైటిల్స్ మధ్యలో లేచావా?"

"లేచానండీ. బుద్ధి గడ్డి తింది."

"ఏముంది... ఆ ముక్కలో?"

"ఇక్కడ చెప్పను. మెషీన్ దగ్గరే చెబుతాను."

టైలరమ్మ పొంగిన కాళ్లవైపు చూసుకుంది.  తర్వాత కోడలివైపు తిరిగి, "ఆ పెద్ద చెప్పులు తే" అంది.

ఆస్పత్రిలో డాక్టరు పరీక్షించి, ప్రాణవాయువు పెట్టించి, అప్పటికప్పుడు మెషీన్ మీదికి ఎక్కించమన్నాడు. గ్రహాంతరం సూదులు గుచ్చాడు. పంపు తిరిగింది, ట్యూబులు ఎర్రబడ్డాయి. బీపీ చూశాడు. అరగంట గడిచి ఆమె ఊపిరి కాస్త కుదురుకున్నాక "ఊఁ, చెప్పు" అంది.

జీవితంలో ఎన్నడూ చూడని సినిమా చెప్పనివాడు, లేని సినిమా చెప్పడం మొదలుపెట్టాడు. చీకట్లో కొట్టుకుపోతున్న పిల్ల సూటు లోపల చెయ్యి పెట్టి తడిమింది. పైకుట్టు పోయింది గానీ, లోపల రెండో కుట్టు ఉంది. ఎప్పుడో తనకి పని నేర్పిన పెద్దావిడ వేసిన కుట్టు. గాలి ఆగింది. అక్కడినుంచి ఆ పిల్లని ఒక తోకచుక్క చుట్టూ తిప్పాడు, పాత ఉపగ్రహం ఒకటి ఎక్కించాడు, దారంతో రేడియో బాగుచేయించాడు, మాటలు దొరక్క నీళ్లు నమిలాడు, మళ్లీ తోకచుక్క దగ్గరికే తెచ్చాడు. చొక్కా వీపంతా చెమట. మధ్యమధ్యలో బీపీ చూస్తూనే ఉన్నాడు, పిల్లని ఇంటికి చేర్చడానికి దారి వెతుకుతూనే ఉన్నాడు. నాలుగు గంటలు అయ్యేసరికి ఆ పిల్ల ఇంకా దారిలోనే ఉంది.

సూదులు తీసి దూది అదిమాడు. ఇక దాచలేకపోయాడు.

"టైలరమ్మా, మీకొక మాట చెప్పాలి..."

"టైటిల్స్ తర్వాత ఏమీ లేదని. అంతేగా?"

ఆయన చెయ్యి దూది మీంచి జారింది.

"దూది వదిలేశావేం, గట్టిగా పట్టుకో. మా కోడలు గురువారమే చూసొచ్చింది. నాకేదైనా మంచిమాట దొరుకుతుందేమోనని తలుపులు మూసేదాకా కూర్చుందిట పిచ్చిది. ఏమీ లేదని వచ్చి ఏడ్చింది."

"మరి తెలిసీ... ఎందుకొచ్చారండీ?"

టైలరమ్మ లేచి కూర్చుంది. చెప్పులకోసం కాళ్లతో వెతుక్కుంది. ఈసారి కాలు సులువుగా దూరింది.

"పన్నెండేళ్లుగా ఒక్క అబద్ధం చెప్పనివాడివిట. సిస్టరు అంటుంటే విన్నాను. నాకోసం ఎండలో పరిగెత్తుకొచ్చి, ఎదురుగా నిలబడి అబద్ధమాడుతున్నావు. అది వినకుండా పోతే బాగుంటుందా?"

గ్రహాంతరానికి కళ్లు చెమర్చాయి. అలవాటు కొద్దీ అడిగేశాడు. "ఎన్నిసార్లు గడియారం చూశారు?"

"ఆరుసార్లు" అంది టైలరమ్మ మొహమాటం లేకుండా. "ఆ తోకచుక్క దగ్గర మరీ సాగదీశావు. సోమవారానికి సరిచేసుకుని రా."