ఊపు మేస్త్రీ భార్య

మానసిక వైద్యుల గది బయట బెంచీ మీద, పలకని మొగుడి తల తనే దువ్వుతూ కూర్చునే మనిషి ఊపు మేస్త్రీ భార్య. మేస్త్రీ వడ్రంగి. ఊపొచ్చిందంటే తిండీ నిద్రా ఉండవు. వారం పని ఒక్క పూటలో లాగించేసి, చాలక సొంతింటి తలుపు ఊడబీకి కొత్తది మొదలెడతాడు. ఆ వేగానికి రంపం జడిసి పక్కింట్లో దాక్కుందంటే వీధివీధంతా సాక్ష్యం చెబుతుంది, అడిగి చూడండి. ఊపు దిగిందా, గోడవైపు తిరిగి పడుకుంటాడు, నెలల తరబడి. ఈసారి "నేను లేకపోతే నువ్వు సుఖపడతావే" అన్నాడు. అప్పట్నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు.

ఇప్పుడు డాక్టరమ్మ అడిగింది. "ఆయన నిద్ర లేకపోయినా హుషారుగా, ఆగకుండా మాట్లాడే రోజులున్నాయామ్మా?" ఇదివరకటి డాక్టర్లకు లేవనే చెప్పింది. బాగున్న రోజులు డాక్టర్లకెందుకు? వాళ్లు ఉత్త దిగులనుకుని మందిచ్చారు. ఆ మందుకి అతను ఊపెక్కి ఎగిరి, మళ్లీ ఇంకా లోతుకు పడ్డాడు. అందుకే ఈసారి రంపం కథతో సహా అంతా చెప్పేసింది. చెబుతూ చెబుతూ తనే నవ్వేసింది. డాక్టరమ్మ నవ్వలేదు.

"ఆ ఊపూ ఈ దిగులూ ఒకటే జబ్బమ్మా, బైపోలార్ అంటాం. మందు రెంటికీ వెయ్యాలి."

మేస్త్రీ భార్య గబుక్కున చేతులు జోడించింది. "పడుకునే ఆయనకి వెయ్యండి మేడం, మీ కాళ్లు పట్టుకుంటా. ఆ రెండో ఆయన జోలికి మాత్రం వెళ్లకండి. నేను చేసుకున్నది ఆయన్నే."