రెండో ఆదివారం రేకు

రేపల్లెలో స్టేషను వెనక వీధిలో రూతు ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ ఇంటి నంబరు చెప్పరు. మంచినీళ్ళ డబ్బాకి గౌను తొడిగిన ఇల్లు అని చెబుతారు. వేళాకోళానికి అన్నా అందులో అబద్ధం లేదు. వంటింటి గడప పక్కన ముక్కాలిపీట మీద ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. దాని మెడ నించి పీట కాళ్ళ దాకా తెల్లటి లేసు కుచ్చు జారుతూ ఉంటుంది. ఎప్పుడో ఎవరో పెళ్ళికూతురి గౌనుకి అడుగున ఉన్న కుచ్చు అది.

ఆ ఇంట్లో అలాంటివి చాలా ఉన్నాయి. వీధి గుమ్మానికి వేలాడే తెర మూడు ఇళ్ళ నించి వచ్చిన మూడు ముక్కలు. పైనున్న నెమళ్ళ ముక్క తెనాలిలో ఒక డాక్టరు గారి కిటికీది. మధ్యలో గళ్ళది నిజాంపట్నంలో చేపల వ్యాపారం చేసే గంగరాజు వాళ్ళింట్లో రేడియో మీద కప్పినది. కింద అంచు ఎవరిదో రూతుకీ తెలియదు. టీవీ మీద ఒకటి, ఫ్రిజ్ మీద ఒకటి, ప్లాస్టిక్ కుర్చీల వీపులకి నాలుగు. దిండు గలీబుల మీద రంగుదారంతో గుడ్ నైట్ అని కుట్టి ఉంటుంది. ఒకదాంట్లో ఒక అక్షరం తిరగబడింది. సరిచెయ్యమని చూసినవాళ్ళు చెబుతారు. కుట్టిన మనిషి ఎంత ముచ్చటపడి కుట్టిందో, నేనెవర్ని దిద్దడానికి అంటుంది రూతు.

ఆ బట్టలు ఆ ఇంటికి వచ్చేటప్పుడు చూడాలి. పసుపుపచ్చగా, బొద్దింకలు కొట్టి, ఒక్కోటి నేల తుడిచే గుడ్డ కన్నా హీనంగా ఉంటాయి. రూతు వాటిని కుంకుడు రసంలో ఒక పూట నానేస్తుంది. పిండదు, అరచేతుల మధ్య పెట్టి అదుముతుంది. తుప్పు మరక ఉంటే నిమ్మచెక్క మీద ఉప్పు వేసి రుద్ది ఎండలో పెడుతుంది. ఆ తర్వాత నీలిమందు ఒక్క చుక్క. చాప మీద పరిచి, ఒక్కో రేకునీ వేలికొనతో లాగి గుండుసూది గుచ్చుతుంది. అన్నం వార్చిన పల్చటి గంజి చిలకరించి నీడలో ఆరబెడుతుంది. సాయంత్రానికి ఆ గుడ్డ లేచి కూర్చుంటుంది. పక్కింటి ప్రమీల అది చూసి, చచ్చినదాన్ని లేపావు కదమ్మా అంది ఒకసారి. రూతు నవ్వి ఊరుకుంది. ఎవరు మెచ్చుకున్నా ఆమె అంతే.

అయితే ఇదంతా ఆమె ఇల్లు ముస్తాబు చేసుకుందామని మొదలుపెట్టింది కాదు. ఒకే ఒక్క గుడ్డ కోసం వెతుకుతుంటే ఇన్ని దొరికాయి.

రూతు తల్లి సంతోషమ్మ తెనాలిలో లేసు అల్లి బతికింది. చిన్న కొక్కెం ఉన్న సూది, ఒడిలో నూలు ఉండ, అరుగు మీద గోనెపట్టా, అదే ఆమె ఆఫీసు. సంతోషమ్మ బడికి వెళ్ళలేదు. అంకెలు రాక కాదు గానీ అల్లేటప్పుడు అంకెలు నోట్లో జారిపోతాయి అనేది. వారాలైతే జారవట. అందుకని పువ్వు రేకుల్ని వారాలతో లెక్కపెట్టేది. ఆదివారం, సోమవారం, మంగళవారం, బుధవారం, బేస్తవారం, శుక్రవారం, శనివారం. అక్కడికి ఏడు. పువ్వుకేమో ఎనిమిది రేకులు ఉండాలి. ఎనిమిదోది రెండో ఆదివారం. శనివారం రాగానే చెయ్యి తనంతట తను ముడి వేసెయ్యబోయేది. అప్పుడు పక్కన కూర్చున్న చిన్న రూతు, అమ్మా రెండో ఆదివారం, అని గుర్తు చేసేది. ఆరేళ్ళప్పటి నించి పెళ్ళయ్యేదాకా ఇంట్లో రూతు ఉద్యోగం అదే.

పెళ్ళై రేపల్లె వచ్చేసింది. భర్త ఆశీర్వాదం ఆటో నడుపుతాడు, మంచివాడు. కొన్నాళ్ళకి పురిటికి పుట్టింటికి వెళ్ళినప్పుడు తెలిసింది, నూలిచ్చి పని చేయించుకునే ఆయన సంతోషమ్మ అల్లిన గుడ్డని వెనక్కి ఇచ్చేశాడని. చివరి మూల పువ్వుకి ఏడే రేకులున్నాయి. అదేంటమ్మా అని రూతు అడిగితే, గుర్తు చేసేవాళ్ళేరీ అని సంతోషమ్మ నవ్వేసింది. ఆ నవ్వు రూతుకి ముల్లులా దిగింది. ఎవరితోనూ అనలేదు గానీ, తన పెళ్ళి వల్ల అమ్మ లెక్క తప్పిందని ఎన్నేళ్ళైనా ఆమె మనసులోంచి పోలేదు.

పోయే ముందు ఫోనులో సంతోషమ్మ ఒక మాట చెప్పింది. పెట్టెలో అడుగున నీకోసం ఒక గుడ్డ ఉంచాను, వచ్చినప్పుడు పట్టుకెళ్ళు అని. అప్పట్లో వెనక్కి వచ్చిన ఏడు రేకుల గుడ్డే అయ్యుంటుందనుకుంది రూతు. రూతు వెళ్ళేసరికి అమ్మే లేదు. అద్దె ఇల్లు ఖాళీ చెయ్యాలన్న తొందరలో, తమ్ముడు యోబు పెట్టెలో ఉన్న పాత బట్టలన్నీ మూటగట్టి, వీధిలోకి వచ్చిన స్టీలు సామాన్ల మనిషికి ఇచ్చేసి ఒక టబ్బు పుచ్చుకున్నాడు. అతనికి గుడ్డ సంగతి తెలియదు. తెలిశాక ఆ టబ్బులో ఒక్కరోజైనా నీళ్ళు పట్టలేదు పాపం.

ఆరేళ్ళయింది. అప్పటి నించి స్టీలు సామాన్ల కేక వినపడితే రూతు చేతిలో పని వదిలి బయటికొస్తుంది. అలా పరిచయమైంది పేరంటాలు. తెనాలిలో కాపురం, రైల్లో రేపల్లె, బాపట్ల తిరుగుతూ పాత బట్టలకి గిన్నెలిచ్చే మనిషి. ఆమె మూటలో లేసు కనిపిస్తే రూతు నాలుగు మూలలూ చూస్తుంది, ఏడు రేకుల పువ్వు కోసం. ఉండదు. ఉండకపోయినా ఆ గుడ్డని మళ్ళీ మూటలో వెయ్యబుద్ధి కాదు. ఎవరి అమ్మ అల్లిందో అనిపిస్తుంది. దానికి బదులు ఇంట్లోంచి ఒక స్టీలు గిన్నె తెచ్చి ఇస్తుంది.

"అందరూ గుడ్డలిచ్చి గిన్నెలు పట్టుకెళ్తారు. గిన్నెలిచ్చి గుడ్డలు పట్టుకెళ్ళే మనిషిని నిన్నే చూశానక్కా" అంటుంది పేరంటాలు.

ఆశీర్వాదం మొదట్లో గిన్నెలు లెక్కపెట్టేవాడు. తర్వాత మానేశాడు. "ఏంటే, రేపు పులుసు లేసులో కాస్తావా?" అని మాత్రం అప్పుడప్పుడు అంటాడు. అన్నా, చుట్టాలొస్తే డబ్బా గౌను ముందుగా చూపించేది అతనే.

పోయిన శ్రావణంలో పేరంటాలు వస్తూనే మూట దించకుండా చెప్పింది. బాపట్లలో ఒక పెద్దాయన ఉన్నాడట, వ్యవసాయ కళాశాల ఆఫీసులో పనిచేసి రిటైరైన బసవేశ్వరరావు గారు. ముందు గదిలో బల్ల మీద తెల్లటి లేసు గుడ్డ. పిల్లి గోళ్ళు పడి అంచు తెగింది. చిరిగిపోయింది కదండీ ఇచ్చెయ్యండి అన్నందుకు పేరంటాలుని వీధి చివరిదాకా కేకలేశాడట. మళ్ళీ తనే పిలిచి, బాగుచేసేవాళ్ళుంటే చెప్పమన్నాడట.

"ఇంకో సంగతక్కా. చివరి మూల పువ్వుకి ఏడే రేకులున్నాయి. నువ్వు చూస్తావని నేనూ చూశాను."

రూతు ఆ ఇంటి గుర్తులు రెండుసార్లు చెప్పించుకుంది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరింది. రేపల్లె నించి తెనాలి, అక్కడ రైలు మారి బాపట్ల. ఒడిలో సంచీ, సంచీలో స్టీలు బిందె. పెళ్ళికి అమ్మ ఇచ్చిన బిందె అది, మెడ చుట్టూ రూతుకు అమ్మ అని పేరు కొట్టించి ఉంటుంది. ఆరేళ్ళలో ఎన్ని గిన్నెలు పోయినా దాని జోలికి వెళ్ళలేదు. ఊరికే ఇమ్మని అడగడానికి నోరు రాదని, ఏదో ఒకటి చేతిలో ఉండాలని తెచ్చుకుంది. తెనాలి స్టేషనులో జనం తోసుకుంటుంటే బిందెని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది.

బసవేశ్వరరావు గారికి అరవై దాటి ఉంటాయి. చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు. రండమ్మా అని కుర్చీ చూపించి, తనే వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు. గుండ్రటి బల్ల, బల్ల మీద గుడ్డ, గుడ్డ మీద ఆయన భార్య దుర్గ ఫొటో. పోయి ఏడాదిన్నరట.

రూతు ఫొటోకి దణ్ణం పెట్టి, దాన్ని రెండు చేతులా తీసి పక్కన పెట్టి, గుడ్డ మూల పట్టుకుంది. ఏడు రేకులు. ఎనిమిదో రేకు ఉండాల్సిన చోట వేలు పట్టేంత ఖాళీ. ఇది మా అమ్మదండి అని నాలుక చివరిదాకా వచ్చింది. చెయ్యి సంచీలో బిందె మీద ఉంది.

అప్పుడే ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఆ గుడ్డ దుర్గ అల్లిందట. కాపురానికొచ్చిన రెండో ఏడు, ఈ కిటికీ దగ్గరే కూర్చుని నాలుగు నెలలు అల్లిందట. ఆయన ఆఫీసు నించి వచ్చేసరికి పెదాలు కదుపుతూ ఉండేదట.

రూతు చెయ్యి బిందె మీంచి జారింది. ఆరేళ్ళు వెతికింది ఇది కాదు. అమ్మ చేతి గుడ్డ ఎక్కడో ఎవరి నేల తుడిచో ఎప్పుడో చిరిగిపోయి ఉంటుంది. ఆ సంగతి ఆమెకి లోపల ఎప్పటి నించో తెలుసు గానీ, బాపట్లలో ఆ కుర్చీలో కూర్చుని ఒప్పుకోవలసి వచ్చింది. కళ్ళు తుడుచుకుని, సూదీ నూలూ తీసి, పిల్లి తెంపిన అంచు పట్టుకుంది. వచ్చిన పనైనా చెయ్యాలి కదా.

ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. వినేవాళ్ళు దొరికి చాలా రోజులైనట్టుంది.

"ఏంటే కేలండరు అల్లుతున్నావా అని ఏడిపించేవాణ్ణమ్మా. వారాలు చదివేది. మా ఇళ్ళల్లో లక్ష్మివారం అంటాం. సూది పట్టుకుంటే మాత్రం బేస్తవారం అనేది. అదేంటే అంటే, నేర్పినావిడ అలాగే చెప్పింది, మారిస్తే చెయ్యి తప్పుతుంది అనేది."

రూతు సూది ఆగింది. "ఎవరండీ నేర్పింది?"

తెనాలిలో పుట్టింటి పక్క వీధిలో సంతోషమ్మ అని ఒకావిడ ఉండేదని చెప్పాడు. పెళ్ళికి ముందు దుర్గ రోజూ మధ్యాహ్నం ఆవిడ అరుగు మీదికే వెళ్ళేదట. కూతురికి పెళ్ళై వెళ్ళిపోయిందట, పగలంతా ఒంటరిగానే ఉండేదట.

"ఆ మూల ఒక రేకు తక్కువ చూశారా. మర్చిపోయావే అన్నాను. మర్చిపోలేదంది. అమ్మేవాటికి ఎనిమిదీ వెయ్యాలట. మనింట్లో ఉంచుకునేదానికి మాత్రం చివరి పువ్వులో ఆ రేకు ఆపాలట. 'అది మా రూతు రేకు, అదొచ్చి వేస్తుంది' అని ఆవిడ ఆపేదట. అది చూసి మా ఆవిడా ఆపింది. మాకు కూతుళ్ళు లేరు. అయినా ఆపింది."

అమ్మ లెక్క తప్పలేదు. ఒకసారి తప్పిందేమో, ఆ తర్వాత తప్పిన చోటునే కూతురికి కుర్చీ వేసినట్టు అట్టే పెట్టింది. నవ్వి ఊరుకుంది గానీ చెప్పలేదు. ముప్పై నాలుగేళ్ళుగా రూతు మోస్తున్నది ఎక్కడ దించాలో తెలియక, ఒడిలో గుడ్డ మీదే రెండు చేతులూ పెట్టుకుంది.

చివరికి సంచీలోంచి బిందె తీసి, మెడ మీద పేరు ఆయన వైపు తిప్పింది. ఆయన కళ్ళజోడు తెచ్చుకుని చదివాడు. రెండోసారి చదివాడు.

"అయితే మీ రేకు మీరు వెయ్యండమ్మా" అన్నాడు.

"వద్దండి అన్నయ్య గారూ. ఇది వదినమ్మ గారి చేతిది. అలాగే ఉండనివ్వండి."

"ఎవరో ఒకరు వచ్చి వేస్తారనే కదా ఆపింది. వచ్చింది మీరు. ఇంకెవరి కోసం ఉంచను?"

రూతు ఆ పువ్వు దగ్గర సూది గుచ్చింది. ఉన్న రేకుల్ని ఒక్కోటి వేలితో తాకుతూ, అమ్మ చదివినట్టే చదువుకుంటూ వచ్చింది. ఆదివారం, సోమవారం, మంగళవారం, బుధవారం, బేస్తవారం, శుక్రవారం. శనివారం దగ్గరికి వచ్చేసరికి కన్నీళ్ళకి నూలు కనపడలేదు. అన్నేళ్ళు అమ్మకి గుర్తు చేసిన ఆ మాటే రాలేదు.

కిటికీ దగ్గర ఇంకో కుర్చీలో కూర్చున్న బసవేశ్వరరావు గారు మెల్లిగా అందించాడు.

"రెండో ఆదివారం."

ఆమె తల ఊపి రేకు వేసింది.

చీకటి పడకముందే రేపల్లె చేరింది. సంచీలోంచి బిందె మళ్ళీ బయటికి రావడం చూసి ఆశీర్వాదం అడిగాడు, బేరం కుదరలేదా అని.

"కుదిరిందండి" అంది రూతు. బిందె తోమి, మంచినీళ్ళు పట్టి, గౌను డబ్బా పక్కన పెట్టింది.