టికెట్టుకు వేసిన బంతి

కడప భాయ్ బ్యాట్ ఊపడం కంటే ఊపకపోవడమే నాకెక్కువ గుర్తు. గల్ఫ్‌లో ఉన్నప్పుడు అల్ ఖువైర్‌లో మా ఆఫీసు వాళ్లం శుక్రవారం పొద్దున్నే బేస్‌బాల్ ఆడేవాళ్లం. దూరంగా పోయే బంతిని భాయ్ గడ్డం భుజానికి ఆనించి చివరిదాకా చూసి వదిలేసేవాడు. అలాంటివి నాలుగు వదిలితే కొట్టకుండానే మొదటి బేస్ దక్కుతుంది. సరిగ్గా మధ్యకు వచ్చినవి మూడు వదిలితే మాత్రం అవుట్.

హేతువాదినని చెప్పుకునే నాకు ఒళ్లు మండేది. "ఇది తలరాతను నమ్ముకోవడం భాయ్! మనిషన్నవాడు కొట్టాలి."

"చూసి వదిలేది గూడా ఆటే అన్నా. కండ్లు మూసుకోని ఊపేదానికి నీ హేతువాదం ఎందుకు?" అని నవ్వేవాడు.

ఆ వాదనలో నేను గెలవలేదు, ఓటమి ఒప్పుకోనూ లేదు.

ఉద్యోగం పోయి, ఊరికి విమానం టికెట్టు చేతికొచ్చిన భాయ్, బయలుదేరే ముందు శుక్రవారం, ఒక్క మంచి దెబ్బ కొట్టి పోతానన్నాడు. బంతి వేసే మా అకౌంటెంట్ జాలిపడి మూడు బంతులూ మెల్లగా, నడిమధ్యకే వేశాడు. భాయ్ మూడూ వదిలేశాడు.

"కొట్టవేంటి భాయ్? అంతకంటే మంచి బంతి ఎక్కడొస్తుంది?" అని అరిచాను.

"అది నాకేసింది కాదన్నా, నా టికెట్టుకేసింది" అంటూ బ్యాట్ నా చేతిలో పెట్టాడు.

మనిషికి కావలసింది దయ కాదు, సమానత్వం అని వాదించేవాళ్లం మేమంతా. ఆ రోజు అతనికి ఒక్క గట్టి బంతి వేయలేకపోయాం. వేసి ఉంటే, తగలకపోయినా సరే, అతను బ్యాట్ ఊపి ఉండేవాడు.