కువాంగ్ మాస్టారి కేక

సూది ఒంటికి తగలకముందే కేక పెట్టే సూదివైద్యుడు చెంగ్డూ నగరం మొత్తానికీ ఒక్కరే: కువాంగ్ మాస్టారు. వైద్య కళాశాలలో ఆయన క్లాసు మొదలైన సంగతి వీధి చివర టీ దుకాణానికి కూడా తెలిసిపోయేది.

కాగితపు కట్టల మీద గుచ్చడం అలవాటయ్యాక, విద్యార్థులు మనిషికి వేసే మొదటి సూది ఆయన కాలికే వెయ్యాలి. అది ఆయన పెట్టిన రూలు. ప్యాంటు మోకాలిదాకా మడిచి, కాలు బల్లమీదికి చాపి, కళ్లు గట్టిగా మూసుకునేవారు. సూది ఇంకా జానెడు దూరంలో ఉండగానే మొదలు:

"ఓరి నాయనో! చంపేసింది!"

"నేనింకా ముట్టుకోనేలేదు మాస్టారూ," అంది లుయో యిన్‌పింగ్.

"ముట్టుకోకుండానే ఇంత నొప్పా! ఊఁ, కానీ!"

యిన్‌పింగ్ చెయ్యి అసలే వణుకుడు చెయ్యి. ఎవరైనా "అబ్బా" అంటే చాలు, సూది వెనక్కి వచ్చేసేది. వసంతంలో ప్రాక్టికల్ పరీక్ష. తప్పితే ఊరికెళ్లి నూలుమిల్లులో చేరాలి. మేనమామ అక్కడ చోటు కూడా చూసిపెట్టాడు.

ఈ విద్య ఎలా పుట్టిందని ఒకరోజు ఎవరో అడిగారు.

"పుస్తకాలు ఏదో చక్రవర్తి పేరు చెబుతాయి. చక్రవర్తులకు వేరే పనుల్లేవూ? ఎవడో రైతు కాలికి రాయి గుచ్చుకునుంటుంది. అంతకుముందున్న తలనొప్పి తగ్గేసరికి ఊరంతా చాటుంటాడు. తర్వాత పండితులొచ్చి ఒంటినిండా కాలవలు గీసి, వాటిలో ప్రాణశక్తి పారుతోందన్నారు. రాతిమొన పోయి ఎముక, ఎముక పోయి కంచు, కంచు పోయి ఉక్కు. అన్నీ మారాయి, కేక ఒక్కటే మారలేదు."

"దాన్ని మీరు ఒంటిచేత్తో నిలబెడుతున్నారు," అన్నాడు వెనక బెంచీ గెంగ్.

"ఒంటికాలితో!" అని కాలు చాపారు మాస్టారు. "ఇవాళ నన్ను చంపే వంతెవరిది? యిన్‌పింగ్, నువ్వే రా."

మర్నాడూ ఆమే. ఆ తర్వాతా ఆమే. తనని నలుగురిలో నవ్వులపాలు చేస్తున్నారని యిన్‌పింగ్ ఉడికిపోయింది. చివరికి ఆయన మొహం చూడ్డం మానేసి కాలొక్కటే చూడ్డం నేర్చుకుంది.

పరీక్షలో రోగిగా వచ్చినావిడ కూరగాయల కొట్టు మనిషి. మణికట్టు నొప్పి. సూది దిగగానే "అమ్మో!" అంది. పరీక్షకులు తలెత్తారు. యిన్‌పింగ్ చెయ్యి కదల్లేదు.

"అంతేనా?" అనేసింది నోరు జారి.

"ఇంకా అరవాలా ఏంటమ్మా?" అంది ఆవిడ.

పాసైన కబురు చెబుదామని యిన్‌పింగ్ పరిగెత్తింది. గది తలుపు ఓరగా తీసి ఉంది. మాస్టారు ఒక చేత్తో నూడుల్స్ తింటూ, రెండో చేత్తో తన మోకాలి కింద సూది దించుకుంటున్నారు. కూనిరాగం ఆగలేదు, కనురెప్ప వాల్లేదు.

"మాస్టారూ! మరి ఆ కేకలు?"

నోట్లో నూడుల్ వేలాడుతుండగా ఆయన బిగుసుకుపోయారు. తర్వాత నింపాదిగా మింగి, "పాసయ్యావా?" అన్నారు.

"అయ్యాను. ఆవిడ అరిచింది కూడా."

"ఎంత గట్టిగా?"

"మీ కేకలో సగం కూడా లేదు."

"అయితే నా గొంతు వృథా పోలేదు," అని మళ్లీ గిన్నె అందుకున్నారు.

మెట్ల దగ్గర కొత్త కుర్రాడొకడు ఎదురయ్యాడు. చేతిలో సూదుల పెట్టె గలగలలాడుతోంది.

"అక్కా, మాస్టారికి సూదంటే మహా భయమటగా?"

"చచ్చేంత," అంది యిన్‌పింగ్. "జాగ్రత్తగా వెయ్యి, పాపం."