ఒడ్డున నిలబడి ఆడినవాణ్ణి

ఫుట్‌బాల్ ఆటను జనం సంతోషం కోసం చూస్తారంటారు. నేను మాత్రం భయపడటానికే చూసేవాణ్ణి. మనవాళ్ళు ఒక్క గోలు ముందున్నారంటే చాలు, నాకు అరచేతుల్లో చెమటలు పట్టేవి. ఆఖరి పది నిమిషాలూ గ్రౌండు వైపు చూడలేక, పక్కవాడి మొహం చూసి ఆట ఎటు పోతోందో తెలుసుకునేవాణ్ణి. భయం పెరిగేకొద్దీ నా నోరు పెద్దదయ్యేది. కోచ్‌ని తిట్టేవాణ్ణి, రిఫరీని తిట్టేవాణ్ణి, బంతి వదిలేసిన మా కుర్రాళ్ళ ఏడుతరాలనూ తిట్టేవాణ్ణి. తిడుతున్నంతసేపూ భయం కాస్త తగ్గినట్టుండేది.

మాది శ్రీకూర్మం దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. ఇంటింటా చేపల వేటకు వెళ్ళేవాళ్ళే, నేను తప్ప. చిన్నప్పుడు ఒకసారి తెప్ప మీంచి జారి కడుపునిండా ఉప్పునీళ్ళు తాగిన దగ్గర్నుంచి మోకాలి లోతు దాటి సముద్రంలో దిగలేదు. ఊళ్ళోనే సెల్‌ఫోన్ల రిపేరు షాపు పెట్టుకున్నాను. "సంద్రం ఒడ్డున పుట్టినోడికి నీలంటే బయమేటిరా?" అని చేపల గంపలు మోసుకుపోయే ఆడవాళ్ళు కూడా వేళాకోళం చేసేవారు. ఆ వేళాకోళానికి నేను జవాబు చెప్పుకునే చోటు ఫుట్‌బాల్ ఒక్కటే. టీవీలో, ఫోనులో నేను చూసినన్ని మ్యాచ్‌లు ఊళ్ళో ఇంకెవరూ చూడలేదు. ఎవరు ఎలా ఆడాలో, ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలో నాకు తెలుసు. కనీసం తెలుసునని నేననుకున్నాను, ఊరు కూడా అలాగే అనుకుంది. నా షాపు ముందు బెంచీ మీద సాయంత్రం పూట చేరే పదిమందీ నా మాట నోరు తెరుచుకుని వినేవారు.

మా ఊరి జట్టు సముద్రం వెనక్కి తగ్గిన వేళ తడి ఇసుక మీద ప్రాక్టీసు చేసేది. అందులో అసలైన ఆటగాడు మా బావ, మా అక్క మొగుడు. ఎడమ పక్కన ఆడేవాడు. బంతి కాలికి తగిలిందంటే ఎదురు వచ్చినవాడు అటా ఇటా అని తేల్చుకునేలోపు దాటిపోయేవాడు. నా లెక్కలో గొప్ప ఆటగాళ్ళు రెండు రకాలు. ఒకరు కాళ్ళతో ఆడేవాళ్ళు, రెండోవారు తలతో ఆలోచించి ఆడేవాళ్ళు. మా బావ మొదటి రకం. ఆయన తరఫున ఆలోచించేవాణ్ణి నేను. మ్యాచ్ అయ్యాక ఇంటికి వచ్చి, "నానెలా ఆడినాన్రా?" అని ముందు నన్నే అడిగేవాడు. ఆ ప్రశ్న వినడానికి నేనెంత ఎదురుచూసేవాణ్ణో ఆయనకు తెలియదు.

కోచ్ ఒక పెద్దాయన, ఊరందరికీ తాత. కుర్రతనంలో విశాఖపట్నం హార్బరులో పనిచేస్తూ ఆట నేర్చుకుని వచ్చాడు. ఆయనకి ఊళ్ళో ఇంకో పనుంది. వేటకు వెళ్ళిన తెప్పలు తిరిగొచ్చేటప్పుడు ఒడ్డున నిలబడి వాటిని లోపలికి పిలవడం. కెరటాలు గుంపులుగా వస్తాయి. నాలుగైదు పెద్దవి విరిగాక కాసేపు సముద్రం నెమ్మదిస్తుంది. ఆ సందులోనే తెప్ప దూసుకురావాలి. సముద్రం వైపు నుంచి చూసేవాడికి కెరటాల వీపులే కనిపిస్తాయి, ఎక్కడ విరుగుతున్నాయో తెలియదు. అందుకని తాత చూసి చెప్పేవాడు. తెల్ల తువ్వాలు రెండు చేతులతో తలమీద చాచి పట్టుకుంటే ఆగమని. గిరగిరా తిప్పితే రమ్మని. గ్రౌండులో కూడా అవే సైగలు. చాచితే వెనక్కి వచ్చి కాపు కాయాలి, తిప్పితే అందరూ పైకి పోవాలి.

నాకు ఆ తువ్వాలు చూస్తే ఒళ్ళు మండేది. ఆయన తిప్పేది తక్కువ, చాచేది ఎక్కువ. ఒక గోలు కొట్టగానే జట్టు మొత్తాన్నీ వెనక్కి లాగేసేవాడు. మా బావలాంటి మనిషిని మన గోలు దగ్గర నిలబెట్టడం ఏం కోచింగు?

అది ప్రపంచ కప్పు జరుగుతున్న ఏడాది. వేట నిషేధం ఎత్తేసి కొద్ది రోజులే అయింది. బొబ్బిలిలో పోటీలు పెట్టారు, మేము సెమీఫైనల్‌కి వచ్చాం. మొదటి సగంలోనే మా బావ గోలు కొట్టాడు. ఆఖరి పావుగంట ఉందనగా తాత తువ్వాలు చాచాడు. ఇక దించలేదు. మావాళ్ళంతా గోలు ముందు గుంపుగా చేరిపోయారు. నేను గొంతు చించుకున్నాను. చివరికి నేను భయపడినట్టే అయింది. వాళ్ళు గోలు కొట్టి సమం చేశారు, పెనాల్టీల్లో మేము ఓడిపోయాం.

తిరుగు ప్రయాణంలో వ్యాను బొబ్బిలి దాటకముందే మొదలుపెట్టాను. ఆయన భయస్తుడన్నాను. భయస్తుడు కోచ్ అయితే జట్టంతా భయస్తులే అవుతారన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఊఁ కొడుతుంటే నాకు హుషారెక్కింది. ముందు సీటులో కూర్చున్న తాత ఒక్కసారి వెనక్కి తిరిగాడు.

"మీ బావ కాలు లాగతన్నాదిరా. సూడనేదేటి? తిప్పితే పరిగెడతాడు, పరిగెడితే కాలు పోతాది."

"నాకేటీ నేదు తాతా, బాగానే ఉన్నాను," అన్నాడు బావ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"ఇన్నారా?" అన్నాను నేను. ఇల్లు చేరేదాకా అదే పాట పాడాను. బావ వింటూ కూర్చున్నాడు.

ఒక రోజు ఆగి, మర్నాడు తెల్లవారుజామునే బావ, ఇంకో ఇద్దరూ తెప్ప మీద వేటకు వెళ్ళారు. పొద్దెక్కేసరికి సముద్రం లేచింది. షాపు తెరిచే ముందు నేను ఒడ్డుకు వెళ్ళాను. మూడు తెప్పలు, బావవాళ్ళది కూడా, కెరటాల అవతల ఆగి ఉన్నాయి. నీళ్ళ దగ్గర తాత తువ్వాలు చాచి నిలబడి ఉన్నాడు. అక్క గంప పక్కన పెట్టుకుని ఇసుకలో కూర్చుంది. కాస్త వెనగ్గా, గట్టు మీద నలుగురైదుగురు మగవాళ్ళు ఇంకా బొబ్బిలి మ్యాచ్ గురించే మాట్లాడుకుంటున్నారు. నేనూ వాళ్ళలో చేరాను.

"అయితే నువ్వేటి సేద్దువురా?" అని ఒకాయన నన్ను కవ్వించాడు.

"నేనా? గోలు కొట్టిన మరుక్షణం..." అంటూ భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి, చెయ్యెత్తి, తలమీద గిరగిరా తిప్పాను. "ఇలాగ! ఇలాగ తిప్పాలి! ఒకటి కాదు, ఇంకో రెండు కొట్టమనాలి!"

వాళ్ళు నవ్వారు. నేను ఇంకో నాలుగు సార్లు తిప్పాను.

తాత కేక వినిపించింది. ఆయన నా వైపు చూసి అరుస్తున్నాడు. అప్పుడు సముద్రం వైపు చూశాను. బావ ఉన్న తెప్ప ముక్కు ఒడ్డువైపు తిరిగి కెరటాల్లోకి దిగిపోతోంది.

నా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఒకసారి కెరటాల్లోకి దిగిన తెప్పకి వెనక్కి తిరిగే దారి ఉండదు. తాత తువ్వాలు చాచి అటూ ఇటూ పరుగెడుతున్నాడు, గొంతు చీలిపోయేలా "ఆగండోయ్" అంటున్నాడు. తెప్ప వెనకాల నీళ్ళు నల్లగా లేవడం ఒడ్డున ఉన్న మాకు కనిపిస్తోంది. అందులో ఉన్నవాళ్ళకి కనిపించడం లేదు.  అరవాలనుకున్నాను. ఏ గ్రౌండులోనైనా అందరికంటే పైకి వినిపించే నా గొంతు అప్పుడు పెగల్లేదు.

కెరటం తెప్పను ఎత్తింది, తోక పైకి లేచింది, మొత్తం బోర్లా పడింది. తెల్లని నురుగు తప్ప ఏమీ కనిపించలేదు. ఒక తల తేలింది. రెండో తల తేలింది. రెండూ బావవి కావు.

అక్క లేచి నిలబడింది. గంప దొర్లిపోయింది. "మూడోవాడేడిరా? ఒరే, మూడోవాడేడి?" అని నన్నే అడుగుతోంది. నేను పరుగెత్తాను. నీళ్ళు మోకాళ్ళకి తగలగానే కాళ్ళు ఆగిపోయాయి. ముందుకు పడవు. బావ ఎక్కడో నా ముందరే నీళ్ళ కింద ఉన్నాడు, నేను మోకాలి లోతులో నిలబడి వణుకుతున్నాను. ఆ వణుకు తలుచుకుంటే ఈ రోజుకీ నా మీద నాకే అసహ్యం. నా పక్కనుంచి తాత దూసుకుపోయాడు. ఆ వయసులో, విరుగుతున్న కెరటం కిందికి తల వంచి దూరాడు.

ఎంతసేపో నాకు తెలియదు. తాత బయటికి వచ్చినప్పుడు బావ చొక్కా ఆయన గుప్పిట్లో ఉంది. తెప్పకీ ఇసుకకీ మధ్య ఇరుక్కుపోయిందట కాలు. ఇసుకలో పడుకోబెడితే నీళ్ళు కక్కాడు. మోకాలు ఉండాల్సిన వైపు లేదు.

శ్రీకాకుళం తీసుకెళ్ళారు. ప్రాణానికి ఏమీ లేదన్నాడు డాక్టరు. నడుస్తాడు, పరుగెత్తడం మాత్రం మరిచిపోవాలన్నాడు.

అసలు భయం నాకు ఆ తర్వాత మొదలైంది. ఊళ్ళో మాట పుట్టింది. తాతకి చూపు తగ్గిందని, కెరటం చూసుకోకుండా తువ్వాలు తిప్పేసి, తర్వాత ఆగమని అరిచాడని. తెప్పలో ఉన్న మిగతా ఇద్దరూ, "తాత రమ్మంటన్నాడని మీ బావే అన్నాడు, మేం వల సర్దుకుంటన్నాం," అన్నారు. గట్టు మీద నాతో నవ్విన మగవాళ్ళకి రెండింటినీ కలిపి చూడాలని తోచలేదో, తోచినా ఊరుకున్నారో నాకు తెలియదు. తాత ఒక్క మాట అనలేదు. ఒడ్డుకు రావడం మానేశాడు. పిలిచే పని ఇంకొకరికి అప్పగించారు.

షాపు ముందు ఎవరి చెప్పుల చప్పుడు వినిపించినా తాత వచ్చాడేమోనని తల ఎత్తి చూసేవాణ్ణి. ఆయన అసలు విషయం చెప్పేస్తాడని భయం. చెప్పకపోతే ఇంకా భయం. అన్నం సహించేది కాదు. అక్క ఇంటికి వెళ్ళినప్పుడల్లా బావ కాలి కట్టు వైపు చూడకుండా గోడవైపు చూస్తూ మాట్లాడేవాణ్ణి.

నెల దాటాక ఒక సాయంత్రం జట్టు కుర్రాళ్ళు షాపుకి వచ్చారు. "తాత మనకొద్దన్నా. ఆటంటే నీకే తెలుసు. నువ్వే కోచింగియ్యి," అన్నారు.

ఎన్నేళ్ళుగా ఆ మాట కోసం కలలు కన్నానో. ఇప్పుడు విని అక్కడ ఉండలేకపోయాను. ఏదో సాకు చెప్పి షాపు మూసి, తిన్నగా బావ దగ్గరికి వెళ్ళాను. ఆయన వీధి అరుగు మీద కాలు చాచుకుని వల బాగుచేసుకుంటున్నాడు.

"బావా, ఆ రోజు తువ్వాలు తిప్పింది తాత కాదు," అన్నాను. 

ఆయన తల ఎత్తలేదు. "తెలుసు."

"తెలుసా?"

"నా కళ్ళకేటైనాదిరా? తాత తెల్ల తువ్వాలు సాపినాడు. ఎనకాల గట్టు మీద నీ ఎర్రది తిరిగినాది. రెండూ కనపడినాయి."

"మరి ఎందుకొచ్చావు బావా?"

ఆయన వల పక్కన పెట్టాడు. కోపంగా చూస్తాడనుకున్నాను. చిన్నపిల్లాడు తప్పు ఒప్పుకున్నట్టు చూశాడు.

"తాత బయస్తుడని నువ్వే కదరా సెప్పినావు, బొబ్బిలి నుంచి ఊరొచ్చిందాకా. నువ్వు సెప్తే నిజమే అనుకున్నాను. ఈ మడిసి బయంతో ఆపతన్నాడు, మావోడు రమ్మంటన్నాడు, ఎలిపోదాం అనుకున్నాను. ఆల్లిద్దరికీ తాతే పిలిసినాడని సెప్పినాను. తర్వాత నిజం సెప్పడానికి మొకం సెల్లనేదు."

అక్కడే కూలబడి ఏడ్చాను. తర్వాత లేచి కుర్రాళ్ళ దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను.  ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఒక్కొక్కరే లేచి తాత ఇంటివైపు నడిచారు. వారం తిరక్కుండా తాత మళ్ళీ ఒడ్డున నిలబడ్డాడు. బావ కాలు మాత్రం బాగుపడలేదు.

ఇప్పటికీ మా ఊరి జట్టు ఆడితే గ్రౌండుకి వెళ్తాను. ఎవర్ని మార్చాలో, ఎప్పుడు పైకి పోవాలో కళ్ళకి కట్టినట్టు కనిపిస్తూనే ఉంటుంది. "ఏటంటావన్నా, ఎలా ఆడతన్నారు?" అని పక్కవాడు అడుగుతాడు. మాట నాలుక చివరిదాకా వస్తుంది. తెలియదంటాను. ఎవరైనా నా మాట నమ్ముతారేమోనని భయం.